ఖాళీ కారుకు మౌనం పాటించిన ఊరు

మా టానర్స్ ఫోర్క్ స్కూలు జిల్లాలో ఆకు ఎర్రబడటం మొదలైందంటే సెలవులిచ్చినట్టే. బడికి కాదు, చదువుకు. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు చివరి దాకా ఏడు బళ్లలోనూ పండగలే. ఒకరోజు పిల్లలు పడుకునే బట్టలతో రావాలి. ఒకరోజు రెండు కాళ్లకూ రెండు రంగుల మేజోళ్లు వేసుకు రావాలి. ఇంకోరోజు, ఊరి బయట పొలంలో కాసిన గుమ్మడికాయల్ని లారీలో తెచ్చి బడి ముందు గడ్డిలో పరిచి, పిల్లల్ని వాటి మీదికి వదిలి, పొలంలో కోసుకున్నట్టు ఫొటోలు తీస్తారు. ఆ పొలం నాలుగు మైళ్లు కూడా ఉండదు. పిల్లల్నే అక్కడికి తీసుకెళ్లొచ్చు కదా అని ఒకసారి అడిగాను. బస్సులు ఖాళీ లేవన్నారు. బస్సులు ఖాళీగా ఉన్నాయో లేవో చెప్పాల్సినదాన్ని నేనే. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

నా పేరు డొరీన్. ఇరవై మూడేళ్లుగా జిల్లా బస్సు షెడ్డులో రేడియో ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడుందో కనిపెట్టుకుని ఉండటమే నా పని. ఈ పండగల ముచ్చటంతా షెడ్డు కిటికీలోంచి చూసి చూసి నాకు ఒళ్లు మండిపోయింది. నేను చెప్పబోయేది లియోటా మిహాలిక్ గురించి. ఆవిడ ఊరికి ఏం చేసిందో, ఊరు ఆవిడకు ఏం చేసిందో ఒకచోట పెట్టి చూస్తే, ఈ ఊళ్లో పుట్టినందుకు నాకే సిగ్గేస్తుంది.

లియోటాది పద్నాలుగో నంబరు బస్సు. ఉక్కు మిల్లు మూతపడి మొగుడు గోడల వంక చూస్తూ కూర్చున్న ఏడాది, చంకలో బిడ్డతో వచ్చి లైసెన్సు తీసుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్లు నడిపింది. మనిషి పొట్టి, సీటు మీద దిండు వేసుకుంటే తప్ప రోడ్డు కనపడదు. పిల్లల్ని ముద్దు చేసే రకం కాదు. చలికాలంలో వట్టి చేతులతో ఎక్కిన పిల్లకు, కాళ్ల దగ్గరి అట్టపెట్టెలోంచి జత కలవని చేతి తొడుగులు రెండు తీసి విసిరేది. "తొడుక్కో. రంగులు కలవలేదని ఏడిచావంటే అవి కూడా లాక్కుంటా" అనేది. ఆ పెట్టెలోకి తొడుగులు ఎక్కణ్ణుంచి వస్తాయో నాకు తెలుసు. ఏటా వేసవిలో పాతబట్టల దుకాణాల వెంట తిరిగి తనే కొనేది. అడిగితే మాత్రం, ఎవరో వదిలేసి పోయారని అబద్ధమాడేది.

ఆవిడ రూట్లో చివరిది కట్లర్ లోయ. లోయ కొసన స్లోకమ్ వాళ్ల ఇల్లు. ముగ్గురు పిల్లలు, చిన్నది ఓపల్, ఒకటో తరగతి. ఆ పైన రోడ్డు లేదు, బస్సు తిప్పడానికి చోటూ లేదు. స్లోకమ్ వాళ్ల గుమ్మం ముందు ముందుకీ వెనక్కీ ఐదుసార్లు కదిపితే గానీ బస్సు మొహం ఇటు తిరగదు. ముప్ఫై ఎనిమిదేళ్లు రోజుకు రెండుసార్లు అలా తిప్పింది, ఆ ఇంటి కంచెకు ఒక్క గీత పడలేదు. లోయ మొదట్లో ఆపేసి పిల్లల్ని నడిచి రమ్మనొచ్చు. కానీ అది మైలున్నర దారి, పక్కన నడవడానికి జానెడు చోటు లేదు, పొద్దుట్నుంచి కంకర లారీలు దిగుతూనే ఉంటాయి.

రెండేళ్ల కిందట మా జిల్లా బడులన్నిటి మీదా కొత్త సూపరింటెండెంటు వచ్చాడు, డాక్టర్ పెండర్‌గాస్ట్. రోగం చూసే డాక్టరు కాదు, బడులు ఎలా నడపాలో ఎక్కడో కూర్చుని రాసి తెచ్చుకున్న డాక్టరు. అయినా డాక్టర్ అని పిలవకపోతే పలకడు. ఆయన వచ్చీ రాగానే పండగలకు ఒక సంఘం వేశాడు, పదకొండు మంది. దానికి టారిన్ అని ఒక అమ్మాయిని పెద్దగా పెట్టాడు. మంచి పిల్లే, కాకపోతే నవ్వు మొహం మీంచి దిగదు. ఆ తర్వాత బస్సుల్ని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించాలని తొమ్మిది మంది స్కూలు బోర్డుకు చెప్పాడు. ఆ కంపెనీవాళ్లు బస్సులు వెనక్కి నడపరు. వాళ్ల బీమా ఒప్పుకోదట. అంటే కట్లర్ లోయలోకి బస్సు పోదు, స్లోకమ్ పిల్లలు కింద దాకా నడవాలి. అక్టోబరులో, పాత విద్యార్థులు కూడా తిరిగొచ్చే ఊరేగింపు పండగ హోమ్‌కమింగ్ అయిన తర్వాతి మంగళవారం బోర్డు ఓటు వేయాలి.

ఆ హోమ్‌కమింగ్‌కు రెండు వారాల ముందు డాక్టరూ టారినూ బెలూన్లు పట్టుకుని మా షెడ్డుకు వచ్చారు. డీజిలు వాసనకు డాక్టరు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"లియోటా, మీకో శుభవార్త" అన్నాడు.

"ఏంటి డాక్టర్ గారూ, బస్సులు మాకే ఉంచేస్తున్నారా?" అంది లియోటా.

ఆయన విననట్టు నవ్వాడు. "ఈసారి ఊరేగింపుకు పెద్ద మీరే. అందరికంటే ముందు మీ కారే!"

"ఏం చెయ్యాలేంటి?"

"ఏమీ చెయ్యక్కర్లేదండీ!" అంది టారిన్. "పైకప్పు లేని ఎర్రకారులో కూర్చుని అందరికీ చెయ్యి ఊపడమే."

"కూర్చోవడం నాకు అలవాటే. చెయ్యి ఊపడమే కొత్త."

"చివర్లో స్టేజి మీద రెండు నిమిషాలు మాట్లాడాలి కూడా. ఏదైనా తియ్యటి మాట."

లియోటా చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "మైకులోనా?"

"మైకులోనే."

"బోర్డు వాళ్లుంటారా?"

"తొమ్మిది మందీ ముందు వరసలోనే!"

"అయితే సరే" అంది.

వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగింది. "ఏమే డొరీన్, పూలిచ్చి సాగనంపుతున్నారని నాకు తెలియదనుకున్నారా ఈ బడుద్ధాయిలు? పోనీలే. రెండు నిమిషాలు చాలు నాకు. ఓపల్ ఏ రోడ్డున నడవాలో ఊరందరి ముందూ చెబుతా. అప్పుడు ఓటు ఎలా వేస్తారో వేయమను."

ఆ రెండు వారాలూ ఒక అట్టముక్క మీద రాసుకుంటూ, కొట్టేస్తూ గడిపింది. నేను గడియారం చూస్తుంటే చదివేది. మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో మూడొంతులు డాక్టర్ని తిట్టడమే. అవి తీసేయమన్నాను. తీసేటప్పుడు ఆవిడ బాధ చూడాలి. చివరికి కంకర లారీలు, జనవరి చీకటి, ఆరేళ్ల పిల్ల, మైలున్నర దారి, ఇవి మాత్రం మిగిలాయి. సరిగ్గా రెండు నిమిషాలు.

శుక్రవారం మధ్యాహ్నం లియోటా జుట్టు చేయించుకుని, ఎర్ర కోటు వేసుకుని షెడ్డుకు వచ్చింది. అప్పుడే అచ్చయి వచ్చిన ఊరేగింపు కాగితాన్ని నేను ఆ రోజు బస్సుల పట్టిక పక్కన పెట్టి చూసి నోరు వెళ్లబెట్టాను. ఊరేగింపు మూడుంపావుకి. బస్సులు కదిలేదీ మూడుంపావుకే. పదకొండు మంది సంఘం, మూడు నెలల సమావేశాలు, ఊరేగింపుకు బస్సు డ్రైవర్ని పెద్దగా పెట్టి, బస్సులు కదిలే వేళకే ఊరేగింపు పెట్టారు. మాకున్న బదులు డ్రైవర్లు ఇద్దరే. ఒకడు బ్యాండు పిల్లల్నీ వాళ్ల బూరల్నీ మోస్తున్నాడు. రెండోవాడు ముప్ఫై ఏళ్ల కిందట ఎవరినో ఓడించిన ఫుట్‌బాల్ జట్టు ముసలాళ్లను ఊరేగింపులో తిప్పుతున్నాడు. టారిన్‌కు ఫోన్ చేశాను.

"అయ్యో, అదెంతసేపు!" అంది. "పద్నాలుగో బస్సు పిల్లల్ని జిమ్‌లో కూర్చోబెట్టి కార్టూన్ వేద్దాం. వాళ్ల అమ్మానాన్నలు వచ్చి తీసుకెళ్తారు."

"స్లోకమ్ వాళ్లిద్దరూ గిడ్డంగిలో రెండో షిఫ్టమ్మా. ఇంట్లో ఉన్నది అమ్మమ్మ ఒక్కతే, ఆవిడకు చూపానదు."

"పోనీ టీచర్లెవరైనా దింపి..."

"టీచర్లందరూ గుమ్మడికాయ వేషాల్లో వరసలో నిలబడి ఉన్నారు. కిటికీలోంచి నాకు కనపడుతున్నారు."

లియోటా అంతా వింది. ఎర్ర కోటు విప్పి కుర్చీకి తగిలించింది. నా ఇరవై మూడేళ్లలో ఆవిడ కళ్లల్లో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. అట్టముక్క నా చేతిలో పెట్టి, "నువ్వు చదవవే" అంది.

రేడియో వదిలి కదలకూడదన్నాను. అది నిజమే, రూలు అదే. కానీ మైకు ముందు నిలబడాలంటే నాకు భయమన్నది అంతకంటే నిజం. లియోటాకు అది తెలుసు. దిండు తీసుకుని బస్సెక్కింది. నేను ఆ అట్టముక్క, ఫోన్ పెట్టేసి షెడ్డుకు పరుగెత్తుకొచ్చిన టారిన్‌కిచ్చాను. టారిన్ డాక్టర్ గారికిచ్చింది. డాక్టర్ గారు జేబులో పెట్టుకున్నాడు.

ఇక ఎర్రకారు సంగతి. దాన్ని ఊరేగింపులోంచి తీసేయొచ్చు. కానీ వరసలన్నీ అచ్చయిపోయాయి, ఒక్క కారు తీస్తే మిగతా వాటి నంబర్లన్నీ మారిపోతాయట. అందుకని టారిన్ బుర్ర వాడింది. లియోటా ఫొటో ఒకటి చట్రంలో పెట్టి వెనక సీటుకు ఆనించింది. సీటు ఖాళీగా బాగుండదని చుట్టూ చేమంతి కుండీలు సర్దింది. కారు పక్కన ముందే కట్టిన బట్ట మీద పెద్ద అక్షరాలు, "లియోటా మిహాలిక్, 1986–2024". అవి ఉద్యోగం చేసిన ఏళ్లు. అలా అని ఎక్కడా రాయలేదు.

మైకు పట్టుకునేది ఏటా హోబర్టే, బీమా ఏజెంటు. ఆ కారు మలుపు తిరిగి వచ్చేసరికి చేతిలోని కాగితం వదిలేసి కారు వంక చూశాడు. ఫొటో, పూలు, రెండు ఏళ్ల మధ్యన గీత. పొద్దున లియోటాను పెట్రోలు బంకులో చూసినవాళ్లు గుంపులో ఎంతమంది ఉన్నారో. ఒక్కడూ నోరు విప్పలేదు. గుండె ఆగిపోయి ఉంటుందిలే, వయసైపోయింది కదా అనుకున్నారట.

"అయ్యలారా, అమ్మలారా" అన్నాడు హోబర్ట్. "టోపీలు తీయండి. మన లియోటా కోసం ఒక్క నిమిషం."

బ్యాండు ఆగింది. బూరలన్నీ దిగాయి. రెండువేల మంది తలలు దించుకున్నారు. సరిగ్గా అప్పుడే నా రేడియో కరకరలాడింది.

"షెడ్డూ, నేను పద్నాలుగు. కట్లర్ లోయ వైపు తిరుగుతున్నా. ఏంటే, అక్కడ డప్పులేమైపోయాయి? ఇందాకటి దాకా నీ మైకులోంచి నాకూ వినపడ్డాయి కదా."

"నీకోసం మౌనం పాటిస్తున్నారు."

"ఎందుకు?"

"నువ్వు చచ్చిపోయావే."

రేడియోలో గేరు మార్చిన చప్పుడు వినపడింది.

"నాకింకా ఆరు స్టాపులున్నాయి" అంది లియోటా.

స్టేజి మీద డాక్టరు ఆ రెండు నిమిషాలూ తనే మాట్లాడాడు. ఆవిడ బతికుందని తెలిసినవాడు. పిల్లల్ని దింపడానికి వెళ్లిందని తెలిసినవాడు. ఆవిడ రాసుకున్న అట్టముక్క జేబులో ఉన్నవాడు. ముందు వరసలో ఆడవాళ్లు ముక్కులు చీదుకుంటుంటే, ఆ రసపట్టులో నిజం చెప్పడానికి మనసొప్పలేదు కాబోలు. "లియోటాను ఈ జిల్లా ఎప్పటికీ మరువదు" అన్నాడు. చచ్చిపోయిందని మాత్రం అనలేదు. అంత తెలివైనవాడు మరి. లోయ ఊసు ఎత్తలేదు, లారీల ఊసు ఎత్తలేదు.

మా ఊళ్లో ఎవరైనా పోతే మొదట కదిలేవి గిన్నెలు. కబురు అందిన గంటకల్లా నూడుల్స్, క్యాబేజీ, బంగాళాదుంప, చీజు, ఏదో ఒకటి గాజు గిన్నెలో వేసి ఓవెన్‌లో కాల్చి, పైన రేకు కప్పి, గిన్నె అడుగున తమ పేరు రాసిన పట్టీ అంటించి, చావింటి గుమ్మంలో పెట్టి పోతారు. ఆ పట్టీ చూసి గిన్నె తిరిగి పంపాలి, అదొక మర్యాద. లియోటా అయిదింటికి ఇంటికి చేరేసరికి వరండాలో నాలుగున్నాయి. చీకటి పడేలోపు పదిహేడయ్యాయి. మొగుడు పోయి ఆరేళ్లు, ఇంట్లో ఒక్కతే. మెట్ల మీద గిన్నె పెడుతున్నప్పుడు ఆవిడే తలుపు తీస్తే, మరియన్ టుషాక్ కెవ్వుమని అరిచి పూల మొక్కల్లో పడిందట.

శనివారం నేను వెళ్లేసరికి లియోటా బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో మకరోనీ తింటోంది.

"ఉప్పు తక్కువైంది. చచ్చినదానికి ఇంత చాలనుకుంది కాబోలు" అంది. తర్వాత చెంచా కింద పెట్టింది. "డొరీన్, రెండువేల మందికి చెబుదామనుకున్నా, కుదర్లేదు. పదిహేడు ఇళ్లవాళ్ల పేర్లు మాత్రం గిన్నెల కింద ఉన్నాయి. రేపు కారు తియ్యవే."

ఆదివారం పదిహేడు ఇళ్లకూ తిరిగాం. ప్రతి గిన్నే కడిగి తుడిచింది. ప్రతి గిన్నెలోనూ ఒక చీటీ పెట్టింది. మంగళవారం ఆరింటికి బోర్డు ఓటు, కట్లర్ లోయ బస్సు కోసం వచ్చి నిలబడండి అని. నోటితోనూ చెప్పింది. అందరూ ఆవిడను కౌగిలించుకున్నారు. బతికున్నందుకు ఏడ్చారు. ఇద్దరు ముగ్గురు మాత్రం, శ్రమపడి వండింది దండగైపోయిందన్న మొహం పెట్టారు.

"మంగళవారమా? అయ్యో లియోటా" అంది మరియన్, మోచేతికి కట్టుతో. "మంగళవారం కార్ల పండగ కదే. మా కారు వెనకంతా సాలెగూడులా కట్టాం."

"ఎక్కడ పండగ?"

"బడి దగ్గరే."

"బోర్డు సమావేశమూ బడి లోపలే. ముప్ఫై అడుగులు నడిస్తే చాలు."

"చూస్తానే. తప్పకుండా చూస్తాను."

పదిహేడు ఇళ్లలోనూ చూస్తామనే అన్నారు.

ఆ కార్ల పండగ కూడా సంఘం పెట్టిందే. జనం కార్ల వెనక తలుపులు ఎత్తి, లోపల బొమ్మ దయ్యాలూ ఎముకలూ వేలాడదీసి, వచ్చిన పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. మంగళవారం సాయంత్రం బడి ముందు మూడొందల కార్లున్నాయి. సమావేశం గదిలో నేనూ, లియోటా, రెండో షిఫ్టు మానుకుని వచ్చిన స్లోకమ్, వెనక నలుగురు. పదిహేడు గిన్నెలవాళ్లలో వచ్చింది ఆ నలుగురే, అందరూ వేషాల్లోనే. ఒకావిడ కోడిపెట్ట, ఒకాయన అరటిపండు, ఇద్దరు మంత్రగత్తెలు. కోడిపెట్ట వచ్చింది గిన్నె మూత కోసం. మూత ఎక్కడుందో చెప్పగానే లేచి పోయింది. బోర్డులోనూ ఒకాయన సముద్రపు దొంగ వేషంలో, కంటి మీద నల్లగుడ్డతో కూర్చున్నాడు.

లియోటా లేచి తన రెండు నిమిషాలు మాట్లాడింది. అట్టముక్క తిరిగి రాలేదు గానీ మాటలన్నీ నోటికొచ్చు. చివర్లో బోర్డులో ఉన్న ఒకావిడ వంక చూసి, "నువ్వూ నా బస్సులోనే పెరిగావు. నీ గుమ్మం దాకా దింపాను. వాన వస్తే తలుపు దాకా నడిపించాను" అంది. ఆవిడ కాగితాలు సర్దుకుంది.

ఓటుకు ముందు డాక్టరు లేచాడు. బడి ముందు బస్సులు ఆగే దారికి లియోటా మిహాలిక్ పేరు పెట్టాలని ప్రతిపాదించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అరటిపండు కూడా కొట్టాడు.

"వద్దు" అంది లియోటా.

"మీకు అంత వినయం పనికిరాదు లియోటా."

"వినయం కాదు డాక్టర్ గారూ. ఈ ఊళ్లో నా పేరు కనపడి నేను కనపడకపోతే జనం వంటలు మోసుకొస్తారు. నాకు దారి వద్దు. ఆ పైన ఇంటిదాకా బస్సు పంపండి, చాలు."

నవ్వారు. డాక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. దారికి పేరు తొమ్మిది ఓట్లతో ఆమోదం పొందింది. ఆ వెనకే బస్సులు కంపెనీకి ఇవ్వాలన్నది ఆరు ఓట్లతో ఆమోదం పొందింది. ఎదురు ఓటు వేసిన ముగ్గురిలో సముద్రపు దొంగ ఒకడు. బస్సులో పెరిగినావిడ లేదు. బయట ఎవరో హారన్ కొట్టారు, పిల్లలు కేరింతలు కొట్టారు. స్లోకమ్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

టర్కీ కోడిని కోసుకు తినే పండగ దాటిన సోమవారం కొత్త కంపెనీ దిగింది. డ్రైవర్లను తీసుకుంటామన్నారు. లియోటా పోలేదు. నేను మాత్రం ఉండిపోయాను. నా మోకాలి ఆపరేషనుకు ఆ ఉద్యోగంతో వచ్చే బీమా కావాలి, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు. దారి మొదట్లో ఆకుపచ్చ బోర్డు మీద లియోటా పేరు తెల్లగా మెరుస్తోంది. కింద టారిన్ పెట్టించిన చేమంతులు మంచుకు మాడిపోయి ఉన్నాయి.

ఆ పొద్దున ఏడుగంటలకు కొత్త డ్రైవరు రేడియోలో పలికాడు. పక్క ఊరివాడు, గొంతు మెత్తన.

"మేడమ్, పద్నాలుగు మాట్లాడుతున్నా. కట్లర్ లోయ కింద ఆగాను. ఇందాక బడి దగ్గర బోర్డు చూశా. లియోటా మిహాలిక్ గారంటే ఇదివరకు ఈ బస్సు నడిపినావిడేనటగా? పాపం, ఎప్పుడు పోయారండీ?"

"పోలేదు" అన్నాను. "లైట్లు వేసి ఉంచు, తలుపు మూయకు. ముగ్గురు పిల్లల్ని నడిపించుకుంటూ లోయ దిగుతోంది. లారీల వైపు తను నడుస్తుంది, ముందు ఆవిడే కనపడుతుంది."